ప్రభుత్వ జోక్యం: తెలుగు రాజకీయ వైఖరులు

ఆర్థిక వ్యవహారాల్లో ప్రభుత్వం ఎంతవరకు కలగజేసుకోవాలన్న వాదం మీద తెలుగునాట పార్టీలు చీలాయి, ప్రభుత్వాలు కూలాయి. అయితే జోక్యం మొదలైంది మాత్రం ఎన్నికల రాజకీయాలకు ముందే. హైదరాబాద్‌లోని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు పేరిచ్చిన రోడ్డు రవాణా సంస్థ (ఆర్టీసీ) 1932లో నిజాం రైల్వేలో ఒక శాఖగా, 27 బస్సులతో పుట్టింది. 1929 నాటి పారిశ్రామిక ట్రస్టు నిధి ద్వారా నిజాం సర్కారు కంపెనీల్లో వాటాలు తీసుకుంది. ఇందులో ప్రజల ప్రమేయమేమీ లేదు, అంతా దర్బారు నిర్ణయమే.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో (1946–51) కమ్యూనిస్టులు దున్నేవాడికే భూమి అన్నారు.

ప్రభుత్వ జోక్యానికి ఎదురు వాదాన్ని గట్టిగా వినిపించిన తెలుగువాడు ఎన్.జి. రంగా. జమీందారీ రద్దు కోసం పోరాడిన ఈ రైతు నాయకుడే, 1959లో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ సహకార సేద్యాన్ని తీర్మానించగానే పార్టీ వీడి, స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. ఇందులో వైరుధ్యం లేదు. భూమి రైతు చేతిలో ఉండాలన్నదే ఆయన పట్టుదల. జమీందారు లాక్కున్నా, సర్కారు లాక్కున్నా ఆయనకు ఒకటే. స్వతంత్ర పార్టీ 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

1983లో ఎన్.టి. రామారావు కిలో బియ్యం 2 రూపాయలకు ఇచ్చారు. ఎన్నికల ముందు కాంగ్రెస్ ప్రభుత్వమే 1.90కి ఇవ్వబూనడం చూస్తే, ఆనాటికి ఇద్దరూ ఒకే దారిలో ఉన్నారని తెలుస్తుంది.

దేశంలో 1991 ఆర్థిక సంస్కరణలకు సారథి తెలుగువాడైన పి.వి. నరసింహారావే. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పట్టుబట్టిందీ ఆయనే. 1996లో చంద్రబాబు నాయుడు బియ్యం ధరను 3.50కి పెంచారు, 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టారు. కరెంటు ఛార్జీల పెంపుపై ఉద్యమించినవారిపై 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. 2004లో అధికారంలోకి వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత వ్యవసాయ విద్యుత్తు మీదే చేశారు. సంస్కరణల మీద ఓటరు తీర్పు అంత స్పష్టంగా మరెప్పుడూ రాలేదు.

2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు రూట్లను ప్రైవేటుకు అప్పగించే మాట వచ్చింది. అదే సంస్థ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలు ఉచితంగా ప్రయాణిస్తున్నారు.