పంక్తితో ముగిసే బలి

మేడారం జాతరలో మొక్కు తీరిన కుటుంబం ఆ తర్వాత ఏం చేస్తుందో మహారాష్ట్రలోని పెర్మిలి, అహేరి, సిరొంచ జనానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలంగాణ పల్లెలతో పాటు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ నుంచీ వెళ్లిన వాళ్లు జంపన్నవాగు చుట్టుపక్కల చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తారు. మేకనో కోడినో కోసి వండుతారు. తోడొచ్చిన చుట్టాలు, ఇరుగుపొరుగు అంతా తిన్నాకే తిరుగు ప్రయాణం. గద్దె దగ్గర దండం పెట్టినంత మాత్రాన మొక్కు పూర్తి కాదు, పదిమందీ తిన్నప్పుడే పూర్తవుతుంది.

ఈ సంగతి తెలిసిన మనిషికి బైబిల్లోని లేవీయకాండం 3, 7 అధ్యాయాలు కొత్తగా అనిపించవు. ప్రాచీన ఇశ్రాయేలీయుల దహనబలిలో మాంసమంతా అగ్నికే. పాపపరిహారార్థబలిలో అర్పించినవాడికి ముక్క కూడా దక్కదు. ఒక్క సమాధానబలిలోనే తెచ్చినవాడు కూర్చుని తింటాడు. అతను ఎద్దునో ఆవునో గొర్రెనో మేకనో, ఏ లోపమూ లేనిదాన్ని తోలుకొచ్చి, దాని తల మీద చెయ్యి ఉంచి, ప్రత్యక్షపు గుడారం వాకిట్లో తానే వధించాలి. రక్తం బలిపీఠం చుట్టూ చిలకరించడం యాజకుల పని. పేగుల మీది కొవ్వు, రెండు మూత్రగ్రంథులు, కాలేజం మీది వప, గొర్రె అయితే కొవ్వు పట్టిన తోక మొత్తం దేవుడి భాగంగా నిప్పుల్లోకి వెళ్తాయి. అల్లాడించిన బోర, కుడి జబ్బ యాజకులవి. మిగిలిందంతా తెచ్చినవాడి ఇంటివాళ్లది, అతిథులది. ఒకే జంతువు నుంచి దేవుడికి, యాజకుడికి, సామాన్యుడికి వాటా అందుతుంది.

ఈ బలి మూడు రకాలు: కృతజ్ఞతార్పణ, మొక్కుబడి, స్వేచ్ఛార్పణ. కృతజ్ఞతార్పణకు నూనె కలిపిన పొంగని రొట్టెలు, అప్పడాలతో పాటు పులిసిన రొట్టెలూ తేవాలి. బలిపీఠం మీద దహించకూడని పులిసిన రొట్టె ఇక్కడ ఎందుకు వచ్చిందంటే, అది జనం తినడానికి.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది గడువు. కృతజ్ఞతార్పణ మాంసం ఆ రోజే తినెయ్యాలి, తెల్లవారేదాకా మిగల్చకూడదు. మిగతా రెండింటికి రెండు రోజుల గడువు. మూడో రోజుకు మిగిలింది కాల్చెయ్యాల్సిందే. ఓ మోస్తరు మేకపోతును కోస్తే వచ్చే మాంసం ఒక్క ఇంటివాళ్లు ఒక్క పూటలో తినగలిగింది కాదు. దాచుకోవడానికి వీల్లేదంటే పిలవక తప్పదు. మొదటి శతాబ్దపు యూదు తత్త్వవేత్త, అలెగ్జాండ్రియా వాసి ఫిలో ఈ గడువుకు ఇదే కారణం చెప్పాడు: బలి మాంసం కొట్లో దాచుకునే సొత్తు కాదు, అవసరమైన వాళ్లందరికీ అందాల్సింది.

బలి పెట్టి కలిసి తినడం ఇశ్రాయేలీయులతోనే మొదలు కాలేదు. సిరియాలోని రాస్ షమ్రాలో 1929లో తవ్వకాలు మొదలయ్యాక బయటపడ్డ ఉగారిట్ మట్టిపలకల్లో దాదాపు ఇదే పేరున్న బలి కనిపిస్తుంది. 1930ల్లో లాకీషులో తవ్విన కనాను గుడిలో దొరికిన జంతువుల ఎముకల్లో ఎక్కువ భాగం కుడి ముందుకాళ్లవే. కుడి జబ్బ దేవుడి గుడికి చెందాలన్న ఆచారం ఎంత పాతదో ఆ ఎముకలే చెబుతున్నాయి. ఇశ్రాయేలు ధర్మశాస్త్రం పట్టుబట్టింది మాత్రం న్యాయమైన పంపకం కోసం. యాజకుడు ఏలీ కొడుకుల కథ అందుకే అంత కటువుగా ఉంటుంది. కొవ్వు దహించకముందే వాళ్ల పనివాడు వచ్చి, ఇస్తావా, బలవంతంగా తీసుకోమంటావా అని భక్తుల మీద పడేవాడు. వాళ్లు దోచింది దేవుడి వాటానూ, పేదవాడి పంక్తినీ.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేశారు, అక్కడి బలులు ఆగిపోయాయి. అప్పటికే క్రైస్తవులు క్రీస్తే తమ సమాధానమని, ఆయన బలి ఒక్కసారే జరిగిందని నమ్ముతూ రొట్టె విరుస్తున్నారు. బలిపీఠం అవసరం తీరింది కానీ భోజనం మిగిలింది. బలి మాంసం తినేవాళ్లు బలిపీఠంతో పాలివాళ్లని కొరింథీయులకు రాసిన పౌలు, ఆ వెంటనే వాళ్ల విందును తప్పుపట్టాడు. ఉన్నవాళ్లు ముందే వచ్చి తిని తాగుతుంటే లేనివాళ్లు ఆకలితో చూస్తూ కూర్చుంటున్నారు. అది ప్రభువు భోజనమే కాదన్నాడు. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం దేవుడికి ఇష్టమైన బలుల్లో స్తుతితో పాటు ఉపకారాన్నీ ధర్మాన్నీ చేర్చింది.

ఈ మాటలు గోదావరి ఒడ్డుకు చేరాక అసలు పరీక్ష మొదలైంది. 1860లో సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. నదిలో పడవలు నడిపే పనులు చూస్తున్న ఇంజినీరు హెగ్ దగ్గర ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు బాప్తిస్మం తీసుకుని, కొలువు వదిలి, దుమ్ముగూడెం కేంద్రంగా కోయల మధ్య సువార్త పనికి దిగాడు. 19వ శతాబ్దం చివర్లో మెథడిస్టులు సిరొంచలో పని మొదలుపెట్టారు. ప్రార్థనకు అందరూ వచ్చారు. ఎవరి ఇంట ఎవరు తింటారన్నదే చిక్కు.

ఆ చిక్కును సూటిగా ఎత్తి చూపినవాడు అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చిన ఆయన 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి అడిగింది స్నేహం. భారతీయ సేవకులను ఇంటికి పిలవని, వాళ్లతో భోజనానికి కూర్చోని మిషనరీల గురించి మొహమాటం లేకుండా మాట్లాడాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందాక, అదే ప్రశ్నను తన సంఘాల వైపు తిప్పాడు. మాల, మాదిగ విశ్వాసుల మధ్య దూరం చెరపడానికి 1945లో కన్నుమూసేదాకా పాటుపడ్డాడు. తెల్లదొరను నిలదియ్యడం కన్నా సొంత సంఘాన్ని నిలదియ్యడానికే ఎక్కువ గుండెధైర్యం కావాలి.

నేటి తెలుగు సంఘాల్లో సమాధానబలికి దగ్గరగా ఉన్నవి కృతజ్ఞతా కూడిక, కోతల పండుగ, వాటి వెంట వచ్చే ప్రేమవిందు. కొత్త ఇల్లు కట్టుకున్నా, జబ్బు నయమైనా పాస్టరుగారిని పిలిచి, పాటలు పాడి, అన్నం పెడతారు. లేవీయకాండంలోని కృతజ్ఞతార్పణ లాంటివే ఇవీ. అయితే కార్లలో వచ్చినవాళ్లకు ముందు గదిలో కుర్చీలు, కూలికి పోయి పొద్దుపోయాక వచ్చినవాళ్లకు అడుగున మిగిలిన కూర అయితే అది కొరింథు విందే. సంఘ పెద్దలు ఈసారి కోతల పండుగ లెక్కల్లో ధాన్యం బస్తాలతో పాటు పంక్తిలో ఎవరెవరు కూర్చున్నారో కూడా రాసుకోవాలి. ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయంలో అలాంటి జాబితా ఒకటుంది: నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ ఊళ్లోని లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేని పిల్లలు, విధవరాలు.