బాల నేరస్థులు, ఖజానా లెక్కలు: కాలిఫోర్నియా అనుభవం

నేరం చేసిన పిల్లవాణ్ణి ఊళ్లోనే ఉంచి దిద్దాలా, దూరాన ఉన్న ప్రభుత్వ సంస్థలో పెట్టాలా అన్నది జడ్జి ఒక్కడే తేల్చే విషయం అనుకుంటాం. ఆ ఖర్చు ఎవరి పద్దులో పడుతుందన్నది కూడా తేలుస్తుందని కాలిఫోర్నియా చరిత్ర చెబుతోంది.

అక్కడ విట్టియర్‌లో 1891లో, అయోన్‌లో 1894లో రాష్ట్రం సంస్కరణ పాఠశాలలు తెరిచింది. శిక్ష కంటే శిక్షణ ముఖ్యమన్న ఆశయంతో 1941 చట్టం బాల నేరస్థుల్ని చూసే రాష్ట్ర విభాగం యూత్ అథారిటీకి పునాది వేసింది. ఆశయం మంచిదే, చిక్కంతా డబ్బు దగ్గర వచ్చింది. ప్రొబేషన్ అధికారిని పెట్టి, తల్లిదండ్రులతో మాట్లాడి, బడి మానకుండా చూడాలంటే ఆ ఖర్చు కౌంటీ భరించాలి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పిల్లవాణ్ణి యూత్ అథారిటీకి పంపేస్తే మాత్రం దాదాపు భారమంతా రాష్ట్రానిదే. చాలాకాలం కౌంటీ కట్టింది ఒక్కొక్కరికి నెలకు 25 డాలర్లే. పంపేయడమే చౌకైనప్పుడు ఊళ్లో సేవలు ఎవరు పెంచుతారు?

ఈ ముడిని విప్పే ప్రయత్నం 1965లో జరిగింది. అప్పటికే శాక్రమెంటో, స్టాక్‌టన్ నగరాల్లో 1961 నుంచి ఒక ప్రయోగం సాగుతోంది. యూత్ అథారిటీకి వచ్చిన పిల్లల్లో కొందరిని సంస్థలో ఉంచకుండా, ఒక్కో అధికారికి కొద్దిమందినే అప్పగించి, సొంత ఊళ్లోనే పర్యవేక్షించారు. 1965 నాటి ప్రొబేషన్ సబ్సిడీ చట్టం ఖజానా వైపు నుంచి అదే దారి పట్టింది. పిల్లలైనా పెద్దలైనా, మునుపటి లెక్క కంటే ఎంత తక్కువమందిని రాష్ట్ర సంస్థలకు పంపితే, తగ్గిన అంతమందిలో ఒక్కొక్కరికి 4,000 డాలర్ల వరకు కౌంటీకి ఇస్తామంది. ఆ డబ్బును ప్రత్యేక పర్యవేక్షణకే వాడాలి. పంపేవారి సంఖ్య గణనీయంగా తగ్గింది.

ఆ విజయాన్ని పూర్తి విజయం అనలేం. రాష్ట్ర సంస్థలకు వెళ్లే పిల్లలు తగ్గినా, కౌంటీ నిర్బంధ గృహాల్లో గడిపే రోజులు పెరిగాయని పరిశోధకుడు పాల్ లెర్మన్ 1975లో చూపించాడు. ధరలు పెరుగుతున్నా 4,000 డాలర్లు మాత్రం అక్కడే ఆగిపోయాయి. 1978లో ఈ పథకాన్ని తీసేసి మరో గ్రాంటు పెట్టారు. అదే ఏడాది ప్రజాభిప్రాయ సేకరణలో నెగ్గిన 13వ ప్రతిపాదన ఆస్తి పన్నును కత్తిరించి కౌంటీల చేతులు కట్టేసింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో కఠిన శిక్షల గాలి వీచింది. 1996 నాటికి యూత్ అథారిటీలో సుమారు 10,000 మంది ఉన్నారు.

అప్పుడు రాష్ట్రం తలకిందుల విధానం ఎంచుకుంది. లోగడ పంపకపోతే బహుమతి ఇచ్చింది, ఇప్పుడు పంపితే రుసుము పెంచింది. 1997 నుంచి నెలకు 150 డాలర్లు. నేరం చిన్నదైతే అసలు ఖర్చులో సగం, ముప్పాతిక, ఒక్కోసారి మొత్తం. చిన్న నేరాలకు పిల్లల్ని పంపడం తగ్గింది. స్థానిక నివారణ కార్యక్రమాలకు నేరుగా డబ్బిచ్చే చట్టం 2000లో వచ్చింది.

లోపల మిగిలిన పిల్లల స్థితి మాత్రం ఘోరం. కొందరిని రోజుకు 23 గంటలు గదుల్లో బంధించేవారు. 2003లో దావా పడింది, 2004లో రాష్ట్రం సంస్కరణలకు ఒప్పుకుంది. 2007 చట్టం తీవ్ర నేరాలవారిని తప్ప మిగతా అందరినీ కౌంటీలకు వదిలి, గ్రాంటు ఇచ్చింది. 2020 చట్టం మిగిలినవారినీ కౌంటీలకే అప్పగించి, ఒక్కో యువకుడికి ఏటా 2,25,000 డాలర్ల చొప్పున కేటాయించింది. 2023 జూన్ 30న రాష్ట్ర సంస్థలు మూతపడ్డాయి.

ఆ మూసివేతను నేను మనసారా స్వాగతిస్తాను. అయినా నిశ్చింతగా ఉండలేను. దానికి నెల ముందే, లాస్ ఏంజెలెస్ కౌంటీలోని రెండు బాల నిర్బంధ గృహాలు పిల్లలుండటానికి తగవని రాష్ట్ర పర్యవేక్షక మండలి తేల్చింది. డబ్బు కౌంటీకి చేరినంత మాత్రాన పిల్లవాడికి చేరినట్టు కాదని లెర్మన్ అధ్యయనం దాదాపు యాభై ఏళ్ల క్రితమే హెచ్చరించింది. ఇచ్చే ప్రతి డాలరులో గోడలకూ కాపలాకూ ఎంత పోతోందో, చదువుకూ వైద్యానికీ కుటుంబానికీ ఎంత అందుతోందో ఏటా లెక్క చెప్పాలన్న షరతు లేకుండా ఏ ప్రభుత్వమూ ఈ నిధులు విడుదల చేయకూడదు.