ఎలక్ట్రానిక్ ట్యాగ్ (ప్రవేశ నియంత్రణ)

ఎలక్ట్రానిక్ ట్యాగ్ అనేది తన గుర్తింపు సంఖ్యను రేడియో తరంగాల ద్వారా రీడర్‌కు తెలిపి తలుపునో గేటునో తెరిపించే చిప్, యాంటెన్నాల సాధనం. ఇటువంటి తాళానికి చార్లెస్ వాల్టన్ 1973లో అమెరికా పేటెంటు పొందాడు. తలుపు కార్డులు సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ లేదా 13.56 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తాయి. చాలావాటికి బ్యాటరీ ఉండదు, రీడరే శక్తినిస్తుంది. ఏలూరు జిల్లా నూజివీడు నుంచి మామిడికాయలు మోసే లారీల అద్దాలపై ఉండే ఫాస్టాగ్ ఇదే కుటుంబానిది. 865–867 మెగాహెర్ట్జ్ వాడటంతో దానిని కొన్ని మీటర్ల దూరం నుంచే చదవవచ్చు. 16వ నంబరు జాతీయ రహదారిపై పొట్టిపాడు, కలపర్రు టోల్‌గేట్లు దీనితో తెరుచుకుంటాయి. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ట్యాగ్ లేని వాహనాలకు రెట్టింపు రుసుము విధించారు.

అయితే ట్యాగ్ గుర్తించేది తననే, తెచ్చినవారిని కాదు; భద్రతా సాధనంగా దాని పరిమితి ఇక్కడే ఉంది. విస్తృతంగా వాడిన మైఫేర్ క్లాసిక్ కార్డు సంకేత రక్షణను నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ఛేదించి, నకళ్లు సాధ్యమని చూపారు. కొత్త చిప్పుల గూఢలిపి ఈ లోపాన్ని సరిదిద్దిందన్న వాదన నిజమే, కానీ అది నకలును ఆపుతుంది, చేతులు మారడాన్ని కాదు. అద్దానికి అంటించకుండా చేతపట్టి చూపే ఫాస్టాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెట్టాలని జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ 2025 జూలైలో నిర్ణయించడానికి దుర్వినియోగమూ ఒక కారణం. అలాగని మామూలు తాళంచెవే మేలని చెప్పలేం: చెవి పోతే తాళమే మార్చాలి, కార్డు పోతే ఆ ఒక్క సంఖ్యను రద్దుచేస్తే చాలు. విలువైన గదులకు కార్డుతోపాటు పిన్ లేదా వేలిముద్ర కూడా అడగడం కార్డు చేతులు మారవచ్చు కాబట్టే.