పలకరాతి గుట్టలకు ఒక చట్టం కావాలి

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఆ పలక చేయగా మిగిలిన రాతి గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం శిలాశ్రేణి అనే పొరల్లో, నల్లమలకు తూర్పున ఈ రాయి దొరుకుతుంది. గనిలోంచి తీసిన దిమ్మను నిలబెట్టి, అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడితే పొరలుగా విడుతుంది. మధ్యలో తెల్లరాయి చార అడ్డొచ్చినా, మూల విరిగినా ఆ ముక్క పలకకు పనికిరాదు. సైజుకు కోసేటప్పుడు అంచులు పోతాయి, నున్నగా అరగదీసేటప్పుడు పొడి రాలుతుంది. ఎంత నేర్పరి చేతిలోనైనా ఈ నష్టం తప్పదు. కానీ దాన్ని సర్దుబాటు చేసే ఖర్చు పలక ధరలో ఏనాడూ చేరలేదు. గని గట్టున, ఫ్యాక్టరీ వెనక గుట్టలుగా పడి ఉండిపోయింది. వానలు నమ్ముకోలేని మెట్టనేలలో కూలి దొరకడమే గొప్ప అనుకున్న రోజుల్లో అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు అడగాలి. ఈ వ్యర్థాన్ని తిరిగి వాడుకోవడానికి ప్రజాధనం కావాలి, అదీ ఏటేటా దయతలచి ఇచ్చే గ్రాంటుగా వద్దు, చట్టంలో రాసిన హక్కుగా రావాలి.

పలక పరిశ్రమ దాచిన ఖర్చును చట్టం బయటికి లాగడం మార్కాపురానికి కొత్త కాదు. 1988లో జాతీయ బాల కార్మిక ప్రాజెక్టును మొదట చేపట్టిన చోట్లలో మార్కాపురం పలక పరిశ్రమ ఒకటి. 1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పనులతో పాటు మార్కాపురం పలకలనూ పేరు పెట్టి చెప్పింది. నిబంధన మీరి పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లవాడికి యజమాని రూ.20,000 కట్టాలని, పెద్దవాళ్లకు పని చూపలేకపోతే ప్రభుత్వం రూ.5,000 జత చేయాలని, ఆ డబ్బు ప్రత్యేక నిధిలో ఉండాలని ఆదేశించింది. అమలు ఎంత బాగా జరిగిందన్నది వేరే చర్చ. సూత్రం మాత్రం సరైనది: లాభం తీసుకున్నవాడు కొంత, ప్రభుత్వం కొంత, నిధి వేరుగా. పిల్లల బాల్యానికి వర్తించిన ఈ సూత్రం ఊరి నేలకూ గాలికీ వర్తించాలి.

పాత టైర్ల విషయంలో దేశం ఇదే దారి పట్టింది. 2022 జులైలో కేంద్రం నియమాలు సవరించి, టైర్లు తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీలనే రీసైక్లింగ్‌కు బాధ్యుల్ని చేసింది. మొదటి ఏడాది 35 శాతంతో మొదలై 2024-25 నాటికి ఆ బాధ్యత 100 శాతానికి పెరిగింది. అమెరికాలో చాలా రాష్ట్రాలు కొత్త టైరు అమ్మేటప్పుడే రుసుం వసూలు చేసి నిధిలో వేస్తాయి. అక్కడ కొన్నిచోట్ల శాసనసభలే ఆ డబ్బును వేరే పద్దులకు మళ్లించాయి. అందుకే నిధి పెట్టడం కన్నా దానికి తాళం వేయడం ముఖ్యం.

టైరు తగలబడితే విషం, రాయి ఊరికే పడి ఉంటుంది కదా, రెండూ ఒకటెలా అవుతాయని అడగవచ్చు. రాయి కదలదు, నిజమే. పొడి కదులుతుంది, అందులో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడి పలకకు గిరాకీ పడిపోయింది. ఇళ్ల గోడలకు వాడే డిజైన్ పలకల మీద నెట్టుకొస్తున్న పరిశ్రమపై ఇంకో భారమా? ఈ బాధను తేలిగ్గా తీసేయలేం. అయితే పలకరాతిపై కొత్త పన్ను అక్కర్లేదు. పలకరాతి గుట్టలకు పేరుపడ్డ వేల్స్ కూడా భాగమైన బ్రిటన్‌లో 2002లో కంకర, ఇసుక తవ్వకంపై టన్నుకు 1.60 పౌండ్ల సుంకం వేసి, పలకరాతిని మినహాయించారు. కొత్త రాయి ఖరీదైంది, పాత వ్యర్థానికి విలువ వచ్చింది. రేకుల్లాంటి ఈ ముక్కలు కాంక్రీటుకు అంతగా నప్పవని ఇంజనీర్లు అంటారు, అదీ నిజమే. కానీ రోడ్డు కట్టల్లో నింపడానికి, మెత్తగా పొడి చేస్తే ఇటుకల్లో, తారులో కలపడానికి వీలుంది. పరీక్షలకూ క్రషర్లకూ చిన్న ఫ్యాక్టరీ యజమాని దగ్గర పెట్టుబడి ఉండదు. ప్రభుత్వ నిధి అవసరం సరిగ్గా అక్కడే.

జిల్లా ఖనిజ నిధి ఉందిగా అనేవాళ్లకు ఒక మాట. 2015 ఫిబ్రవరి 10న కేంద్రం పలకరాయితో సహా 31 ఖనిజాలను చిన్నతరహా జాబితాలో చేర్చింది. దాంతో సీనరేజి (తవ్విన ఖనిజంపై కట్టే రుసుం), లీజు నియమాలు రాష్ట్రం చేతికొచ్చాయి. అదే ఏడాది గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధులు పుట్టాయి, చిన్నతరహా ఖనిజాల వాటా ఎంతో నిర్ణయించే అధికారమూ రాష్ట్రానిదే. నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, పర్యావరణం, ఆరోగ్యం వంటి ప్రాధాన్య రంగాలకు ఖర్చు చేయాలని అప్పటి మార్గదర్శకాలు చెప్పాయి. పలకరాతి వ్యర్థం ఆ పెద్ద జాబితాలో ఎక్కడో కలిసిపోతుంది. పేరు పెట్టి కేటాయించకపోతే రోడ్లూ భవనాలే ముందు వరసలో నిలుస్తాయి. అందుకే పలకరాతి సీనరేజిలో నిర్ణీత వాటాను ఈ వ్యర్థం పునర్వినియోగానికే చట్ట సవరణతో రాసిపెట్టాలి. ఆ లెక్క ఏటా మార్కాపురంలో బహిరంగంగా చూపించాలి, ప్రభుత్వ రోడ్ల పనుల్లో ఈ రాయి వాడకానికి నిబంధనల్లో చోటివ్వాలి. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం శాసనసభ్యులు ముగ్గురూ కలిసి ఈ సవరణను సభలో అడగాలి.