ఇన్సులేషన్: గోడలో దాగిన ద్వీపం

లాటిన్‌లో ‘ఇన్సులా’ అంటే ద్వీపం. క్లోమంలోని లాంగర్‌హాన్స్ దీవుల్లో పుట్టే ఇన్సులిన్ పేరూ అక్కడిదే. ద్వీపంలా చుట్టూ తెంపి వేరుచేయడం అన్న అర్థంతో మొదలైన ‘ఇన్సులేట్’ 18వ శతాబ్దంలో విద్యుత్ ప్రయోగాల్లోకి, ఆపైన వేడి లెక్కల్లోకి వచ్చింది. మన పాఠ్యపుస్తకాల ‘బంధకం’లో అడ్డుకోవడం ఉంది గానీ ఈ చుట్టూ తెంపడం లేదు. బ్రిటన్‌లో కొత్త ఇంటి జంటగోడల మధ్య ఖాళీలో ఏం నింపాలో తేల్చుకునేవారికి పనికొచ్చేది ఆ పాత అర్థమే.

అక్కడ బేరమంతా పదార్థం మీదే నడుస్తుంది. పీఐఆర్ (పాలీఐసోసయనురేట్) నురుగు పలక ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 0.022 వాట్లు, ఖనిజ ఉన్నిది 0.035 దరిదాపు, కనుక పలకే మేలంటారు. ప్రయోగశాలలో నిజమే. గోడలో మాత్రం పలక లోపలి గోడకు ఆనకపోయినా, అతుకుల్లో సందు మిగిలినా, చల్లగాలి వెనక చేరి ఆ మేలును మింగేస్తుంది. ఉన్ని ఒదిగి కూర్చుంటుంది. రెండు గోడలనూ కలిపే ఉక్కు కడ్డీలు, కిటికీ అంచులు వేడికి దారులు. ఇంజనీర్లు వీటిని ‘థర్మల్ బ్రిడ్జి’ అనడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ వంతెన పడ్డాక ఇల్లు ద్వీపమెలా అవుతుంది? ఆ ఖాళీ పెట్టిందే వాన చెమ్మ లోపలికి దాటకుండా కదా, నింపేస్తే ఎలా అన్నది గట్టి అభ్యంతరం. గాలివాన గోడను బాదే పడమటి తీరాల్లో నేనూ ఒప్పుకుంటాను: పలక బిగించి కనీసం 50 మిల్లీమీటర్ల ఖాళీ వదలడమే అక్కడ సబబు. మిగతాచోట్ల, నిండుగా పరిచిన ఉన్నికే నా ఓటు.