సొరంగానికి ముక్కు ఎక్కడ పెట్టాలి?

రెండేళ్ల క్రితం ఆన్‌సైట్ అని మూడు నెలలు లండన్ పంపించారు. వీకెండ్ వస్తే టీమ్‌లో అందరూ బిగ్ బెన్ దగ్గర, టవర్ బ్రిడ్జి దగ్గర ఫోటోలు దిగేవాళ్లు. నేను మాత్రం ఒక శనివారం పనిగట్టుకుని వెళ్లి, అసలు లేని రెండు ఇళ్ల ముందు ఫోటో దిగొచ్చాను.

బేస్‌వాటర్ దగ్గర లీన్‌స్టర్ గార్డెన్స్ అనే వీధి. అందులో 23, 24 నంబర్లు. మిగతా ఇళ్లలాగే స్తంభాలు, బాల్కనీలు, తలుపులు అన్నీ ఉంటాయి. కాస్త ఆగి చూస్తే కిటికీలకు అద్దాలు లేవని, రంగు పూసి పెట్టారని తెలుస్తుంది. వెనక సందులోకి వెళ్లి చూస్తే ఇల్లు లేదు. ఒక గోడ, దానికి ఆనించి దూలాలు, కింద గుంట, గుంటలో రైలు పట్టాలు. అంతే!

సంగతేంటంటే, ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863 జనవరిలో లండన్‌లో మొదలైంది. కరెంటు ఇంజన్లు ఇంకా రాలేదు, ఆవిరి ఇంజన్లే. ఇంజన్ వదిలే ఆవిరిని నీళ్ల ట్యాంకులోకి మళ్లించి చల్లార్చే ఏర్పాటు చేశారు గానీ, ఎంతసేపని బిగబట్టుకుంటుంది? ఊపిరి వదలడానికి మధ్యమధ్యలో పైకప్పు లేని చోటు కావాలి. 1868లో ఆ లైను బేస్‌వాటర్ వైపు వచ్చినప్పుడు అలాంటి చోటు కోసం ఈ రెండు ఇళ్లూ పోయాయి. డబ్బున్నవాళ్ల వీధి అది. వరసలో పన్ను ఊడినట్టు ఖాళీ కనపడకుండా ఐదడుగుల మందం గోడ కట్టి ఇల్లులాగా ముస్తాబు చేశారు.

ఆ దొంగ ఇంటి ముందు నిలబడితే నాకు మా ఫ్యాన్ హౌస్ గుర్తొచ్చింది.

మాది గోదావరిఖని. అప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి పెద్దపల్లి జిల్లా. మా బాపు ముప్ఫై ఏళ్లకు పైగా బాయి పని చేశాడు. బాయి అంటే బావి, మా దగ్గర బొగ్గు గనిని అట్లనే అంటరు. మా క్వార్టర్ల వెనక తుమ్మ చెట్లు దాటితే ఫ్యాన్ హౌస్ ఉండేది. పెద్ద రేకు గొట్టం ఒకటి ఆకాశంలోకి నోరు తెరుచుకుని, రాత్రింబవళ్లు ఒకటే హోరు. చుట్టాలొస్తే మొదటి రాత్రి నిద్రపోయేవాళ్లు కాదు. చలికాలం పొద్దున దాంట్లోంచి తెల్లగా ఆవిరి లేచేది. కింది గాలి వేడిగా, తడిగా ఉంటుంది కదా, పైన చలికి మంచులా మారుతుంది. 'బాయి చాయ్ పెట్టింది' అనుకునేవాళ్లం పిల్లలం.

కాజీపేట నుంచి కాగజ్‌నగర్ దాకా రైల్లో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు, ఒక్క సొరంగం కూడా చూసిన గుర్తు లేదు. కానీ ఆ పట్టాలకు అటూ ఇటూ నేల కింద ఉన్నదంతా సొరంగాలే. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీ పేరు సింగరేణి అయింది. 1927లో ఆదిలాబాద్ జిల్లా బెల్లంపల్లిలో గనులు తెరిచారు, 1929కల్లా కాజీపేట - బల్హార్షా లైను పూర్తయి ఢిల్లీ, మద్రాసు కలిశాయి. రైలుకి బొగ్గు కావాలి, బొగ్గు పోవడానికి రైలు కావాలి. 1960 ప్రాంతంలో గోదావరి దాటి మా వైపు వచ్చారు. మా ఊరి పేరులోనే ఖని ఉంది చూడండి, గని లేకపోతే ఊరే లేదు.

సరే, ఈ ఫ్యాన్ పనేంటి? సాఫ్ట్‌వేర్ వాళ్లం కాబట్టి డేటా సెంటర్ ఊహించుకోండి. చల్లగాలి ఒక వరసలోంచి వస్తుంది, సర్వర్ల వేడి తీసుకుని ఇంకో వరసలోంచి పోతుంది, రెండూ కలవకుండా తలుపులు, పరదాలు. గనిలోనూ అంతే. మనుషులు దిగే ఇంక్లయిన్‌లోంచి మంచి గాలి లోపలికి పోతుంది. పని జరిగే ప్రతి మూలకీ తిరుగుతుంది. మీథేన్, బొగ్గు దుమ్ము, పేలుడు పొగ, మనుషుల చెమట, అన్నీ మోసుకుని రెండో దారిలోంచి బయటికి వస్తుంది. ఫ్యాన్ ఆ రెండో దారి నోటి దగ్గర కూర్చుని గాలిని లోపలికి ఊదదు, బయటికి లాగుతుంది. చిన్నప్పుడు నేను ఊదుతుందనే అనుకున్నాను. లాగడంలో ఒక సౌకర్యం ఉంది. బొగ్గు, మనుషులు తిరిగే మొదటి దారికి తలుపులు అక్కర్లేదు, ఎప్పుడూ తెరిచే ఉంచొచ్చు.

అసలు రెండో దారి ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇంగ్లండ్‌లో ఉంది. ఉత్తర ఇంగ్లండ్‌లో హార్ట్‌లీ అనే చోట ఒక బొగ్గు గని. దానికి దారి ఒక్కటే, నిలువు బావి. మధ్యలో చెక్కల అడ్డు పెట్టి ఒక సగంలోంచి గాలి లోపలికి, ఇంకో సగంలోంచి బయటికి. నీళ్లు తోడే ఇంజన్ తాలూకు దూలం ఆ బావి మీదే వేలాడుతుండేది. పోత ఇనుము, 40 టన్నులకు పైనే బరువు. 1862 జనవరి 16న, సరిగ్గా షిఫ్టు మారే సమయంలో, అది విరిగి సగం ముక్క బావిలో పడింది. చెక్కలు, రాళ్లు, ఇనుము అన్నీ కలిసి మధ్యలో ఇరుక్కుపోయి దారి మూసుకుపోయింది. లోపల రెండు షిఫ్టుల వాళ్లూ ఉన్నారు. పైన భార్యలు, తల్లులు ఆ చలిలో ఆరు రోజులు కాపలా కాశారు. దారి చేసుకుని కిందికి వెళ్లేసరికి ఎవరూ బతికి లేరు. మొత్తం 204 మంది చనిపోయారు. లోపలున్నవాళ్ల మీద రాళ్లు పడలేదు, తిండి లేక పోయేంత కాలమూ గడవలేదు. గాలి చెడిపోయి పోయారు.

మనం ప్రతి డిజైన్ రివ్యూలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని స్లయిడ్ పెడతాం. అంతకంటే పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు. అదే ఏడాది బ్రిటన్‌లో చట్టం తెచ్చారు, గనికి కనీసం రెండు దారులు ఉండాలని. ఆ నియమమే మన గనుల చట్టాల్లోకీ వచ్చింది. మా క్వార్టర్ల వెనక గొట్టం ఉండటానికి మూలం ఎక్కడో చూశారా?

లెక్క కూడా చెప్తాను, నాకు ఇష్టమైన భాగం ఇది. నేను పుట్టేనాటికి అమల్లో ఉన్న 1957 కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం, పెద్ద షిఫ్టులో పనిచేసే ఒక్కో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి, లేదా రోజుకి తీసే ఒక్కో టన్ను బొగ్గుకి 2.5 ఘనపు మీటర్లు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది పంపాలి. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం దాటకూడదు. ఉదాహరణకి 300 మంది, రోజుకి 1000 టన్నులు అనుకుందాం. మనుషుల లెక్కన 1800, బొగ్గు లెక్కన 2500. అంటే బొగ్గు పేరు చెప్పుకుని మనిషికి నాలుగు గుక్కలు ఎక్కువే అందుతాయన్నమాట. ఇంత గాలి గుంజాలంటే ఫ్యాన్ చిన్నదిగా, నిశ్శబ్దంగా ఎలా ఉంటుంది? పైగా ఎక్కడ పడితే అక్కడ పెట్టలేరు. గాలి దారి ఎంత పొడుగైతే అంత శక్తి వృథా, అందుకని కింద పని ఎక్కడుందో దాన్ని చూసి పైన చోటు ఎంచుతారు. ఆ చోట పైన ఎవరున్నారన్నది ఆ తర్వాతి సంగతి.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లప్పుడు ఒక ఎండాకాలం రాత్రి అమ్మ ఉలిక్కిపడి లేచింది. ఏమైందో నాకు అర్థం కాలేదు. ఇంట్లో లైటు వెలుగుతోంది, కూలర్ తిరుగుతోంది. "ఫ్యాన్ ఆగింది" అంది. చెవులు రిక్కిస్తే నిజమే, పుట్టినప్పటి నుంచీ వింటున్న ఆ హోరు లేదు. బయటికొస్తే వీధిలో ఆడవాళ్లందరూ అరుగుల మీదే ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు. నైట్ షిఫ్టులో ఎవరింట్లోంచి ఎవరెవరు దిగారో లెక్క పెట్టుకుంటున్నారు. బాపు కూడా లోపలే. అరగంటో, ఇంకాస్త ఎక్కువో... హోరు మళ్లీ మొదలైంది. అమ్మ లోపలికొచ్చి మంచినీళ్లు తాగి, నన్ను పడుకోమని కసిరింది. పొద్దున బాపు వచ్చి, "ఏం గాలే, అందర్ని ఇంక్లయిన్ దిక్కు తోలుకొచ్చి కూసోవెట్టిండ్రు, బీడీ గూడ లేకపాయె" అన్నాడు. ఫ్యాన్ ఆగితే అలా మనుషుల్ని మంచి గాలి వైపు తీసుకురావడం రూలే. కానీ ఆ రూలు అరుగు మీద కూర్చున్న అమ్మకి తెలియదు.

లండన్ నుంచి వచ్చాక ఆ దొంగ ఇంటి ఫోటో బాపుకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పొగ గా గోడెనకకెల్లి పైకి పోతది. మరి పక్కింటోళ్లకు రాదారా?"

"వచ్చేదే కావచ్చు బాపు."

"గా ఇండ్లల్ల ఎవరన్న రైల్ల పనిచేసేటోళ్లు ఉన్నరా?"

"ఎందుకుంటరు? దొరల ఇండ్లు అవి."

"గందుకే గోడ గట్టిచ్చుకున్నరు."

నేను ఇంజనీరింగ్ చదివి నాలుగు పుస్తకాలు తిరగేసినా పట్టుకోలేని పాయింట్ ఇది. రైలు సొరంగంలో గాలి కావాల్సినవాడు ఒకడు, ఆ హోరూ పొగా భరించేవాడు ఇంకొకడు. మా కాలనీలో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. అందుకే ఆ చప్పుడు మీద ఎవరూ ఫిర్యాదు రాసింది నేనెరగను.

ఇక్కడ నేను కొంచెం తగ్గాలి. కాలనీ కంటే ముందు అక్కడ ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. కంపెనీ ఉద్యోగం లేని ఇళ్లూ ఉన్నాయి, చాయ్ బండి పెట్టుకున్నవాళ్లు, ప్రైవేటు స్కూలు టీచర్లు. వాళ్లకి ఆ హోరు ఉత్త హోరే కదా. చిన్నప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు.

మరి రైలు సొరంగాల వాళ్లు ఏం చేశారు? 1838లో తెరిచిన కిల్స్‌బీ సొరంగం రెండు కిలోమీటర్ల పైచిలుకు. అంత పొడుగు చీకట్లో ఊపిరాడక చస్తామని జనం భయపడుతుంటే రాబర్ట్ స్టీఫెన్సన్ 60 అడుగుల వెడల్పుతో రెండు పెద్ద గాలి బావులు కట్టించాడు. భయం ఉత్తిదేమీ కాదు. 1944 మార్చిలో ఇటలీలోని బాల్వానో దగ్గర ఒక గూడ్సు రైలు సొరంగంలో ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. యుద్ధకాలం కాబట్టి నాసిరకం బొగ్గు. దొంగచాటుగా ఎక్కినవాళ్లతో సహా 500 మందికి పైగా ఆ పొగలోనే, చాలామంది నిద్రలోనే, పోయారు. కరెంటు ఇంజన్లు వచ్చాక ఈ పొగ బాధ తప్పింది. 2019లో మన నెల్లూరు - కడప మధ్య వెలిగొండల కింద తెరిచిన రైలు సొరంగం 6.6 కిలోమీటర్లు, అందులో తిరిగేది కరెంటు రైలే.

కానీ తవ్వేవాళ్ల సంగతి వేరు, కరెంటు రైలు వచ్చేది వాళ్లు వెళ్లిపోయాక. రైలుది కాకపోయినా ఎస్‌ఎల్‌బీసీ నీళ్ల సొరంగం చూడండి. దాదాపు 44 కిలోమీటర్లు, రెండు కొసల నుంచే తవ్వకం. పైన అమ్రాబాద్ పులుల అడవి, కాబట్టి మధ్యలో ఎక్కడా పైకి దారి పెట్టలేదు. 2025 ఫిబ్రవరి 22న 14వ కిలోమీటరు దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. రక్షించడానికి వెళ్లినవాళ్లు కూడా ఆ పద్నాలుగు కిలోమీటర్లూ బురదలో, గొట్టంలోంచి వచ్చే గాలితో వెళ్లాల్సి వచ్చింది. ఏప్రిల్ దాకా వెతికితే ఇద్దరి మృతదేహాలు బయటికి తేగలిగారు. మధ్యలో బావి ఉంటే బతికేవాళ్లని నేననను, అది చెప్పేంత సివిల్ ఇంజనీర్ని కాను. అడవిని తవ్వాల్సిందనీ అనను. ఆ ఎనిమిది మందీ జార్ఖండ్, యూపీ, పంజాబ్, జమ్మూ కాశ్మీర్ల నుంచి వచ్చినవాళ్లు. పైన అరుగుల మీద కూర్చుని చెవులు రిక్కించే వీధి ఏదీ వాళ్లకి అక్కడ లేదు.

మొన్న దసరాకి ఇంటికెళ్లినప్పుడు ఫ్యాన్ హౌస్ వైపు నడిచాను. ఆ బాయి మూసేసి కొన్నేళ్లయింది. గొట్టం, మోటారు ఎత్తుకెళ్లారు, నోటికి స్లాబ్ పోసి చుట్టూ ముళ్లకంచె వేశారు. ఇప్పుడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టులదే. అందులో ఎవరూ నేల కిందికి దిగరు, కాబట్టి గాలి బావి అక్కర్లేదు. గాలి బావికి నాలుగు గుంటల జాగా సరిపోయేది, ఓపెన్‌కాస్టుకి ఊరు ఊరంతా కావాలి. బ్లాస్టింగ్ చప్పుడు వినేవాళ్లలో అక్కడ ఉద్యోగం ఉన్న ఇళ్లు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చంటాడు బాపు.

నేను తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం బ్లాస్టింగ్ టైమయింది. అల్మారాలో గ్లాసులు గలగలమన్నాయి. అమ్మ ఒక చేత్తో వాటిని పట్టుకుని, గోడ గడియారం వైపు చూసి, మళ్లీ బియ్యం ఏరుకోవడంలో పడింది.