గాజు కళాకారుల సంఘం – కొలిమి ఎవరిది?

వాడపల్లి వేంకటేశ్వరస్వామి తీర్థంలో గాజులు తొడిగించుకునే కోనసీమ ఆడపడుచులకు ఆ గాజు ఏ ఊరి కొలిమిలో కరిగిందో తెలియదు. మలారం మోసుకొచ్చినవాడికీ తెలిసింది అంతంత మాత్రమే. సరుకు కనిపిస్తుంది, శ్రమ కనిపించదు. గాజు కళాకారుల సంఘాల చరిత్రను పరిశీలించేవారు ఈ విషయాన్ని మరవరాదు.

వెనిస్‌లో గాజు పనివారి శ్రేణికి 1271లోనే నిబంధనలు ఏర్పడ్డాయి. 1291లో కొలుములను మురానో దీవికి తరలించారు. పనివారికి అక్కడ గౌరవమూ దక్కింది, నిర్బంధమూ దక్కింది. తమ విద్యను పరదేశానికి తీసుకుపోవడం నేరమైంది. ఆ శ్రేణి కాపాడినది పనివాడి ప్రయోజనాన్ని మాత్రమే కాదు, వర్తక రాజ్యపు గుత్తాధిపత్యాన్ని కూడా.

యంత్రయుగంలో కొలిమి కార్ఖానాదారు వశమైంది. మన దేశంలో 1944లో అఖిల భారత స్థాయిలో ఏర్పడిన సమాఖ్య గాజు ఉత్పత్తిదారులది. పేరులోనే దాని వర్గస్వభావం ఉంది.

కళాకారుల సంఘం పుట్టడానికి కొలిమి చిన్నది కావలసి వచ్చింది. 1962లో అమెరికాలోని టొలీడో మ్యూజియంలో, మృణ్మయకళ బోధించే హార్వే లిటిల్‌టన్ ఒక శిక్షణ శిబిరం నడిపాడు. మొదటి కరిగింపు విఫలమైంది. గాజు పరిశ్రమలో పరిశోధకుడైన డొమినిక్ లబినో తేలికగా కరిగే గాజు గోళీలు సమకూర్చి పనిని గట్టెక్కించాడు. మరి గాజు ఊదడం చూపినదెవరు? కార్ఖానాలో పనిచేసి విరమించిన హార్వే లీఫ్‌గ్రీన్ అనే కార్మికుడు! 1971లో పెన్‌లాండ్‌లో గ్లాస్ ఆర్ట్ సొసైటీ ఏర్పడింది. 1976లో బ్రిటన్‌లో, 1978లో ఆస్ట్రేలియాలో జాతీయ సంఘాలు వెలిశాయి. కొలిమి తన స్వాధీనమైనప్పుడే కళాకారుడు తన పేరు చెప్పుకోగలిగాడన్నది ఇక్కడ గ్రహించవలసిన సత్యం.

ఇక మన సంగతి. తిరుపతి సమీపంలోని పాపానాయుడుపేటలో పూసలు చేసే పద్ధతిని పీటర్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు గత శతాబ్దం చివరలో నమోదు చేశాడు. లాడా అనే ఇనుప గొట్టానికి గాజు ముద్దను పట్టించి కొలిమిలో ఉంచుతారు. ఆవలి పక్కనుంచి మేస్త్రి కరిగిన గాజును కొక్కెంతో అందుకొని, చేతులు మార్చుకుంటూ సన్నని గొట్టంగా గంటల తరబడి లాగుతాడు. దాన్ని ముక్కలుగా కోసి, బూడిదలో కలిపి వేడిచేసి గుండ్రని పూసలుగా మలుస్తారు. రెండు వేల ఏళ్ళ కిందట అరికమేడులో ఉన్న పద్ధతి ఇదేనని ఆయన నిర్ధారణ. ఈ జాతి పూసలు ఆగ్నేయాసియాకూ, తూర్పు ఆఫ్రికాకూ చేరాయి.

పూస ఖండాలు దాటింది, చేసినవాడి పేరు ఊరు దాటలేదు. టొలీడోలో లీఫ్‌గ్రీన్ పేరైనా మిగిలింది. కళ, చేతిపని అన్న విభజన కళాస్వభావం నుంచి పుట్టింది కాదు, ఉత్పత్తి సంబంధాల నుంచి పుట్టింది. రేపు మన గాజు కళాకారులు ఏ సంఘం పెట్టుకున్నా, దాని సభ్యత్వ పట్టికలో లాడా పట్టిన చేతికి చోటుందా లేదా అన్నదే దాని ప్రజాస్వామికతకు గీటురాయి.